బండి ఇచ్చేశాను గాని, పేరు ఇంకా నాదే ఉంది

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈసారి దక్షిణ ఒడిశాలోని మన తెలుగు పాఠకుల నుంచి వాహనాల అమ్మకం గురించి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని తీసుకున్నాము. మొదటి ఉత్తరంలోని ఇబ్బంది సరిహద్దు ఊళ్ళలో ఎందరికో ఎదురవుతున్నది గనుక దానికి ఎక్కువ చోటు ఇచ్చాము.

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో ఉంటాను. ఓడీ 20 నంబరుతో నా పేర ఉన్న స్కూటరును నిరుడు కార్తీకమాసంలో పాతపట్నంలోని ఒక పరిచయస్థునికి అమ్మాను. డబ్బు పూర్తిగా ముట్టింది. ఆయన తెచ్చిన రెండు ఫారాల మీద ఆయన చూపిన చోటల్లా సంతకాలు పెట్టి, సీ-బుక్కు కూడా ఇచ్చేశాను. ఫారాలలో అప్పటికి ఏమీ నింపి లేదు. మొన్న శ్రీకాకుళంలో ఎవరో హెల్మెట్టు లేకుండా ఆ బండి నడిపినందుకు చలానా నా ఫోనుకు వచ్చింది. బండి ఇంకా నా పేరనే ఉందని అప్పుడు తెలిసింది. అడిగితే, "మీరు సంతకం పెట్టేశారు కదండీ, మిగతాది మేము చూసుకుంటాం" అంటున్నారు. నా సంతకం చాలదా? ఇప్పుడు నేనేమి చేయాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

సమాధానం: చాలదండీ. మీరు డబ్బు తీసుకొని తాళం చేతికిచ్చిన రోజున స్కూటరు ఆయనదయిన మాట నిజమే. కాని రోడ్డు మీద ఆ బండి వల్ల ఏది జరిగినా చట్టం ముందుగా చూసేది రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదన్నదే. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షను 2(30) ప్రకారం ఎవరి పేర వాహనం రిజిస్టరై ఉన్నదో వారే యజమాని. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే తేల్చి చెప్పింది. అందులో కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది గాని, రిజిస్టరులో మాత్రం మొదటి యజమాని పేరే ఉండిపోయింది. ప్రమాదంలో నష్టపోయినవారు కొన్నవారి వెంట ఒకరి తరువాత ఒకరిని వెతుక్కుంటూ తిరగనక్కరలేదని, రిజిస్టరులో పేరున్న వ్యక్తే పరిహారానికి బాధ్యుడని కోర్టు నిర్ణయించింది. మీకు వచ్చిన చలానా చిన్నది. అదే స్కూటరు, బీమా గడువు తీరిపోయిన స్థితిలో, దారిన పోయేవారిని గుద్దితే వచ్చే నోటీసు కూడా మీ ఇంటికే వస్తుంది. భయపెట్టాలని చెప్పడం లేదు. ఈ పని ఇంకొక నెల వాయిదా వేయకూడదని చెప్పడమే మా ఉద్దేశం.

మీరు సంతకం చేసిన రెండింటిలో ఒకటి ఫారం 29, రెండవది ఫారం 30 అయి ఉండాలి. ఫారం 29 అమ్మినవారు రవాణా కార్యాలయానికి ఇచ్చే ప్రకటన. "ఫలానా తేదీన, ఫలానా నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు గల నా వాహనాన్ని ఫలానా చిరునామాలోని ఫలానావారికి అమ్మి స్వాధీనం చేశాను, రిజిస్ట్రేషను పత్రాన్ని, బీమా పత్రాన్ని వారికి అందజేశాను" అని మీరు చెబుతున్నారన్నమాట. ఫారం 30 పేరు మార్పిడికి దరఖాస్తు; అందులో ఒక భాగం అమ్మినవారిది, ఒక భాగం కొన్నవారిది. ఖాళీగా ఉన్న ఫారం 29 మీద సంతకం పెట్టడమంటే ఎవరికి, ఏ రోజున అమ్మారో చెప్పే మాటను మరొకరి చేతికి అప్పగించడమే. ఆయన ఆ ఫారాన్ని బీరువాలో పెట్టుకొని, ఏడాది తరువాత మూడో మనిషికి బండి అమ్మి, ఆ రోజు తేదీ వేసి, ఆ మూడో మనిషి పేరు రాయవచ్చు. అప్పుడు కార్తీకంలో అమ్మిన మీరు మరుసటి కార్తీకం దాకా స్వయంగా బండి నడిపినట్టే కాగితం చెబుతుంది. బ్రోకర్ల చేతిలో ఇటువంటి "ఓపెన్ సంతకాల" బళ్ళు తిరుగుతూ ఉండటానికి కారణం ఇదే. మీ పరిచయస్థునికి చెడ్డ ఉద్దేశం ఉందని మేము అనడం లేదు. బద్ధకం చాలు, మీరు చిక్కులో పడటానికి.

ఇక మీ విషయంలో రెండవ చిక్కు ఉంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం పోవడానికి పట్టే సమయం ఎంత? సంతకు, పెళ్ళికి, ఆసుపత్రికి మనవాళ్ళు రోజూ ఇటూ అటూ తిరుగుతూనే ఉంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. అందువల్ల మనకు అది పొరుగూరుగానే తోస్తుంది. రవాణా శాఖకు మాత్రం అది వేరే రాష్ట్రం. ఒడిశాలో రిజిస్టరైన బండిని ఆంధ్రప్రదేశ్‌లో ఉండే మనిషికి అమ్మినప్పుడు, ఫారం 29, 30 మాత్రమే చాలవు. సెక్షను 48 కింద మన జిల్లా రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ, కావాలి. దానికి దరఖాస్తు ఫారం 28లో, రిజిస్టరులో యజమానిగా ఉన్న మీరే పెట్టుకోవాలి. మీ స్కూటరు పేరు మారకపోవడానికి కారణం బహుశా ఇదే: మీ సంతకాలు పట్టుకొని శ్రీకాకుళం వెళ్ళినా, ఎన్‌ఓసీ లేనిదే అక్కడ ఎవరూ ఫైలు తీసుకోరు.

గడువుల సంగతి కూడా గమనించండి. ఒకే రాష్ట్రంలో అమ్మితే, అమ్మినవారు 14 రోజులలోగా ఆ సంగతిని రవాణా కార్యాలయానికి తెలిపి, దాని ప్రతిని కొన్నవారికి పంపాలి. వేరే రాష్ట్రానికి అమ్మితే, 45 రోజులలోగా ఎన్‌ఓసీని, అది ఇంకా రాకపోతే దరఖాస్తు పెట్టినట్టు ఇచ్చిన రసీదును, కొన్నవారి ప్రాంతపు కార్యాలయానికి పంపాలి. కొన్నవారు తమ వంతుగా 30 రోజులలోగా తెలపాలి. ఇవన్నీ సెక్షను 50లో ఉన్న మాటలే. "కొన్నవాడు చూసుకుంటాడులే" అని మనలో స్థిరపడిపోయిన అభిప్రాయానికి చట్టంలో ఆధారం లేదు. మొదటి బాధ్యత అమ్మినవారి మీదనే ఉంది.

మీ గడువు దాటింది. అయినా దారి ఉంది. ముందుగా రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి, బీమా గడువు, బాకీ చలానాలు, రిజిస్టరులో ఉన్న మీ ఫోను నంబరు చూసుకోండి. ఆన్‌లైను దరఖాస్తుకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది గనుక, పాత నంబరు ఉంటే ముందు దానిని మార్పించుకోవాలి. తరువాత కొన్నాయనను పిలిపించి, పాత ఫారాలు తిరిగి తీసుకొని మీ ఎదుట చించివేయించండి, కొత్తవి నింపండి. అమ్మిన తేదీ దగ్గర వేయవలసింది కార్తీకమాసంలో నిజంగా బండి అప్పగించిన తేదీయే. ఆలస్యం కనబడుతుందని ఈ రోజు తేదీ వేయకండి. ఆలస్యానికి జరిమానా కట్టి బయటపడవచ్చు. తప్పుడు తేదీ వేస్తే ఈ మధ్యకాలంలో జరిగినదంతా మీ నెత్తి మీదకు వస్తుంది.

ఎన్‌ఓసీ కోసం ఫారం 28 మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు కావాలి, అంటే బండి మీద చెక్కిన నంబరు పైన కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు. అందుకు బండి మీ దగ్గరకు రావలసిందే. పన్ను, చలానా బాకీలు ఉండకూడదు. దరఖాస్తు అందిన 30 రోజులలోగా కార్యాలయం ఎన్‌ఓసీ ఇచ్చినదీ నిరాకరించినదీ రాతపూర్వకంగా తెలపాలి. నిరాకరిస్తే కారణం రాయాలి. ఆ వ్యవధిలో ఏ సంగతీ తెలపకపోతే ఇచ్చినట్టే భావించాలని సెక్షను 48 చెబుతోంది. అందుచేత దరఖాస్తు రసీదును పోగొట్టుకోకండి. ఎన్‌ఓసీ వచ్చాక, కొన్నాయన దానితో పాటు మీ ఫారాలను, కొత్త నంబరు కోసం ఫారం 27ను పెట్టుకొని, ఆ రాష్ట్రపు పన్ను కట్టుకోవాలి. ఆ పన్ను సంగతి తెలిసే కొందరు ఈ పని నానుస్తారు. అమ్మకం ధర మాట్లాడుకునేటప్పుడే దానిని ఎవరు భరించాలో తేల్చుకోవడం మంచిది.

ఒకవేళ ఆయన సహకరించకపోతే చేతులు ముడుచుకొని కూర్చోకండి. అమ్మకం వివరాలు, తేదీ, కొన్నవారి పేరు, చిరునామా, డబ్బు ముట్టిన ఆధారం జతచేసి, పర్లాకిమిడి రవాణా కార్యాలయానికి, కొన్నాయన నివసించే ప్రాంతపు రవాణా కార్యాలయానికి, బీమా కంపెనీకి లిఖితపూర్వకంగా తెలిపి, అందినట్టు రసీదు తీసుకోండి. ఊళ్ళో ఇచ్చేదానికి ముద్ర వేయించుకోండి, బయటికి పంపేది చేరినట్టు రుజువు దొరికే టపాలో పంపండి. చలానా విషయంలో, ఆ రోజు బండి ఎవరు నడిపారో పోలీసులు అడిగితే చెప్పడం యజమానిగా మీ విధి అని సెక్షను 133లో ఉంది. కనుక అమ్మకం ఆధారాలతో జవాబు ఇవ్వండి, మౌనంగా ఉండకండి. ఈ ఉత్తరాల వల్ల పేరు మారదు, పూర్తి బాధ్యత కూడా తొలగదు. కాని రేపు ఏదైనా వివాదం వస్తే మీరు దాచిపెట్టలేదని, తప్పించుకోలేదని చూపడానికి ఇవే సాక్ష్యాలు.

చివరగా ఒక చిన్న విషయం. ఫారం 29ను రెండు ప్రతులుగా ఇవ్వాలి. పేరు మారిన తరువాత రవాణా కార్యాలయం ఒక ప్రతి మీద నమోదు రాసి అమ్మినవారికి తిరిగి ఇవ్వాలని ఆ ఫారం పైననే ముద్రించి ఉంటుంది. మనలో దానిని అడిగి తెచ్చుకునేవారు బహు తక్కువ. ఆ ప్రతి మీ చేతికి వచ్చేవరకు, లేదా వెబ్‌సైటులో ఆ బండికి కొత్త యజమాని పేరు కనబడేవరకు, అమ్మకం పూర్తి అయిందని అనుకోకండి.

ప్రశ్న: నా కారు బ్యాంకు అప్పు రెండేళ్ళ కిందటే తీరింది. కోరాపుట్‌లోని బంధువుకు అమ్ముతున్నాను. నా ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంది. ఇక్కడ ఇచ్చిన సీ-బుక్కులో ఇంటిపేరు చివర పడింది. పైగా నేను తెలుగులోనే సంతకం చేస్తాను. ఇది చెల్లుతుందా, ఇంగ్లీషులో కొత్తగా చేయాలా?
– ఒక పాఠకురాలు, రాయగడ

సమాధానం: అమ్మా, తెలుగు సంతకం నిక్షేపంగా చెల్లుతుంది. సంతకం ఏ లిపిలో ఉండాలని చట్టం నిర్బంధించలేదు. రవాణా కార్యాలయం చూసేది, బండి రిజిస్టరు చేయించిన నాడు మీరు చేసిన సంతకంతో ఇప్పటిది కలుస్తున్నదా లేదా అన్నదే. ఆనాడు తెలుగులో చేసి ఉంటే ఇప్పుడు ఎవరో చెప్పారని ఇంగ్లీషులో చేస్తేనే చిక్కు వస్తుంది. ఎక్కడైనా అక్షరం తప్పుపడితే వైట్‌నరు పూయకండి. గీత కొట్టి, పక్కన సరిగా రాసి, అక్కడ కూడా పూర్తి సంతకం చేయండి. వర్తించని పంక్తులను కొట్టివేయండి, ఖాళీగా వదలకండి.

పేరు తారుమారు కావడం ఒడిశాలో ఉన్న తెలుగువారందరికీ తెలిసిన బాధ. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాము, ఇక్కడి పద్ధతిలో అది చివరకు పోతుంది. పూర్తి పేరు రెండింటిలోనూ ఒకటే అయినా, కంప్యూటరు వాటిని ఇద్దరు మనుషులుగా చూడవచ్చు. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ ముందు ప్రమాణపత్రం చేయించి జతచేయడం సులువైన మార్గం. తీరిక ఉంటే అమ్మకానికి ముందే సీ-బుక్కులో పేరు సరిచేయించుకోవడం ఇంకా మేలు. సంతకం మాత్రం సీ-బుక్కులో ఉన్న పేరు కింద చేయండి.

అప్పు తీరినా సీ-బుక్కులో బ్యాంకు పేరు తానుగా చెరిగిపోదు. బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రాన్ని, బ్యాంకు వారు, మీరు ఇద్దరూ సంతకం చేసిన ఫారం 35ను తీసుకొని రాయగడ కార్యాలయంలో ఇస్తే ఆ నమోదును రద్దు చేస్తారు. అది కాకముందే ఫారం 29లో బండి మీద ఏ తాకట్టూ లేదని సంతకం చేస్తే, రికార్డుకు విరుద్ధమైన మాట రాసినట్టవుతుంది. కోరాపుట్ కూడా ఒడిశాలోనే ఉంది గనుక మీకు ఎన్‌ఓసీ బెడద లేదు. 14 రోజుల గడువు మాత్రం బంధువుకు అమ్మినా వర్తిస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు నాలుగు నెలల కిందట పోయారు. ఆయన మోటారుసైకిలు ఎవరూ వాడటం లేదు గనుక అమ్మేద్దామని అమ్మ అంటున్నది. బ్రోకరును అడిగితే, "నాన్నగారి సంతకం మీరే పెట్టి, ఆయన బతికున్న నాటి తేదీ వేసేయండి, వారసుల గొడవ ఉండదు" అన్నాడు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, గుణుపురం

సమాధానం: ఎంతమాత్రం చేయవద్దు. తండ్రిగారి సంతకాన్ని మరొకరు పెట్టడం ఫోర్జరీ. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షను కింద అది నేరం. సలహా ఇచ్చిన బ్రోకరు రేపు పక్కన ఉండడు, చేవ్రాలు మీది అవుతుంది. ఆధార్ ఆధారంగా ఆన్‌లైనులో సాగే దరఖాస్తులో అది నిలవదు కూడా.

సరైన దారి ఇది. యజమాని మరణిస్తే, బండిని వాడుకోదలచిన వారసులు 30 రోజులలోగా ఆ సంగతిని రవాణా కార్యాలయానికి తెలపాలి. అలా తెలిపితే మూడు నెలల వరకు దానిని వాడుకోవచ్చు. ఆ మూడు నెలలలోనే ఫారం 31లో తమ పేరుకు మార్చమని దరఖాస్తు చేయాలి. మీకు ఆ గడువు దాటిపోయింది. ఆలస్యానికి జరిమానా కట్టవలసి రావచ్చు గాని దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతవరకు ఆ బండిని రోడ్డు మీదకు తీయకండి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే వారసత్వ పత్రం, తక్కిన వారసులకు అభ్యంతరం లేదన్న ప్రమాణపత్రాలు పెట్టి రాయగడ కార్యాలయంలో ముందు మీ అమ్మగారి పేరుకు మార్పించండి. ఆ తరువాత అమ్మేది ఆవిడే గనుక ఫారం 29, 30 మీద సంతకం ఆవిడే చేస్తారు. వేలిముద్ర వేయవలసి వస్తే, ఫారంలో రాసినదంతా ముందు ఆవిడకు తెలుగులో చదివి వినిపించి, చదివినవారు సాక్షిగా సంతకం చేయాలి. రెండు విడతల పని అవుతుందని విసుగు కలగడం సహజమే. నాన్నగారి పేరు మీద అబద్ధపు కాగితం మిగలకుండా ఉంటుంది గదా, ఆ శ్రమ పడండి.

ప్రశ్న: పాత కారును బరంపురంలోని ఒక వ్యాపారికి ఇచ్చి ఇంకొకటి తీసుకుంటున్నాను. ఆయన ఎవరికి అమ్ముతాడో నాకు తెలియదు. కొనేవాడు దొరికినప్పుడు పేరు మార్పిస్తానంటున్నాడు. బీమా, ఫాస్టాగ్ సంగతి ఏమిటి?
– ఒక పాఠకుడు, బరంపురం

సమాధానం: 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల వ్యాపారులకు కొత్త నిబంధనలు వచ్చాయి. వ్యాపారికి రవాణా శాఖ ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. కారు ఆయనకు అప్పగించినట్టు మీరిద్దరూ పరివాహన్ ద్వారా తెలపాలి. అలా తెలిపిన తరువాత, మరొకరికి అమ్ముడయ్యేవరకు ఆ కారుకు బాధ్యుడు ఆయనే. కాబట్టి మొదట అడగవలసిన ప్రశ్న "అధికార పత్రం చూపించగలరా?" అన్నదే. చూపించలేకపోతే, ఆయన మంచివాడైనా సరే, ఖాళీ ఫారాలు ఇచ్చి రాకండి. ఆయన పేరుకే మార్పిడి చేయించండి, లేదా కొనేవాడు దొరికేదాకా కారును మీ ఇంటి ముందే ఉంచుకోండి.

థర్డ్ పార్టీ బీమా, అంటే బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికి ఇచ్చే రక్షణ, మోటారు వాహనాల చట్టం సెక్షను 157 ప్రకారం, బండితో పాటు కొన్నవారికి బదిలీ అయినట్టే. వారు 14 రోజులలోగా బీమా కంపెనీకి దరఖాస్తు చేసి పాలసీలో పేరు మార్పించుకోవాలి. సొంత కారుకు కలిగే నష్టానికి ఇచ్చే రక్షణ అలా తానుగా బదిలీ కాదు. క్లెయిము చేయనందుకు మీకు పెరుగుతూ వచ్చిన నో క్లెయిమ్ బోనస్ మాత్రం మీ సొత్తు, కారుది కాదు. బీమా కంపెనీని అడిగి ఆ మేరకు ఉత్తరం తీసుకుంటే ఇప్పుడు తీసుకునే కారు పాలసీలో వాడుకోవచ్చు. అమ్మేవారు దీనిని మరచిపోయి ఏటా వేల రూపాయలు వదులుకుంటున్నారు.

ఫాస్టాగ్‌ను కారు అప్పగించే ముందే బ్యాంకుకు తెలిపి మూయించి, అద్దం మీది స్టిక్కరును గీకి తీసివేయండి. లేకపోతే ఆయన జాతీయ రహదారిపై ఏ టోలుగేటు దాటినా డబ్బు మీ ఖాతాలోనే తెగుతుంది. అప్పగించే రోజున తేదీతో పాటు గంట కూడా రాసిన డెలివరీ రసీదు మీద ఇద్దరూ సంతకాలు చేయండి. ఆ రోజు ఉదయం జరిగినదానికి మీరు, సాయంత్రం జరిగినదానికి ఆయన జవాబుదారులు గనుక గంట ముఖ్యం. ఆయనకు ఇచ్చే మీ ఆధార్ జిరాక్సు మీద "ఫలానా నంబరు కారు అమ్మకం నిమిత్తం మాత్రమే" అని అడ్డంగా రాసి, తేదీ వేసి ఇవ్వండి.